కళింగపట్నం పథ్యం

తెలుగువాళ్లలో చాలామందికి కళింగపట్నం తుపాను వార్తల్లోనే పరిచయం. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే చాలు, ‘కళింగపట్నానికి ఆగ్నేయంగా’ అంటూ రేడియో మొదలుపెడుతుంది. గాలి తగ్గగానే ఆ పేరూ తెరమరుగవుతుంది. ఓడలు రావడం ఎప్పుడో మానేసిన రేవది. ప్రమాద హెచ్చరిక మాత్రం ఇప్పటికీ ఎగురుతుంది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను ఈ ఊరికి చేరువలోనే తీరం దాటింది. నేను వెళ్లింది మాఘమాసంలో. సముద్రం నెమ్మదించి, పొద్దున పూట మంచు పట్టి, కోతలైన వరిమళ్లలో మినుమూ పెసరా పచ్చగా అల్లుకునే కాలం.

వెళ్లడానికి ఒక కారణం ఉంది. విజయవాడలో మా వీధి చివర తెల్లవారకముందే రాగిజావ బండి నిలబడుతుంది. ‘పూర్వీకుల ఆరోగ్య రహస్యం’ అని దానికో ఫ్లెక్సీ. వాకింగు ముగించినవాళ్లు వరసలో నిలబడి తాగుతారు. పక్కనే మందుల దుకాణం అద్దాల వెనక అశ్వగంధ, త్రిఫల డబ్బాలు బీపీ మాత్రలతో భుజాలు రాసుకుంటూ ఉంటాయి. ఈ పూర్వీకులెవరు, వాళ్ల మాట ఇంకా ఇళ్లలో చెల్లుతున్న చోట జనం దాన్ని ఆసుపత్రితోనూ సెల్‌ఫోనుతోనూ ఎలా కుదుర్చుకుంటున్నారు అన్నది కళ్లారా చూడాలనిపించింది. వంశధార సముద్రంలో కలిసే చోట మొదలుపెట్టి, నదికి ఎదురుగా సవర గిరిజనుల కొండల దాకా, అక్కణ్నుంచి పలాస మీదుగా ఉద్దానానికి. ఇదీ నేననుకున్న దారి.

దారిలో మొదట తగిలేది అరసవల్లి. మాఘ ఆదివారం కావడంతో గుడి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు తొలికిరణాలు నేరుగా మూలవిరాట్టు పాదాల మీద పడే సూర్యుడి కోవెల ఇది. కళ్ల జబ్బులకూ చర్మం జబ్బులకూ ఇక్కడి సామికి మొక్కుకోవడం ఈ జిల్లాలో తరతరాల అలవాటు. పుష్కరిణి మెట్ల మీద ఒక పెద్దాయన కనబడ్డాడు. నల్లద్దాలు, వాటి వెనక ఎడమ కంటికి దూది. చుట్టూ అందరూ నిండా మునుగుతుంటే ఆయన మాత్రం చివరి మెట్టు మీద గొంతుక్కూర్చుని, నాలుగు వేళ్లు నీళ్లలో తడిపి, నడినెత్తిన మాత్రం అద్దుకున్నాడు. ఒక్క చుక్క నుదుటి మీదికి జారబోతే చొక్కా చేత్తో చటుక్కున తుడిచేసుకున్నాడు. శుక్లం ఆపరేషనై ఎన్నాళ్లో కాలేదట. తలస్నానం చెయ్యొద్దని నర్సు చెప్పింది, మునక వెయ్యకపోతే మొక్కు తీరదని ఇంటిది అంది.

“మరి ఇలా అద్దుకుంటే మొక్కు తీరినట్టేనా?” అనడిగాను.

“తీరదేటి బాబూ? ఆపరేసను డాట్రుబాబు సేసినాడు, సూపు సామి ఇచ్చినాడు. ఆల్లిద్దరికీ నేని పేచీ మనకెందుకు?”

అక్కడినుంచి కళింగపట్నం వెళ్లే దారిలోనే శ్రీకూర్మం. కూర్మనాథుడి దర్శనం చేసుకుని, ఆవరణలో తోటకూర నములుతున్న నక్షత్ర తాబేళ్లను కాసేపు చూసి బయల్దేరాను. ఆటో సరుగుడు తోటల మధ్యకు మళ్లేసరికి గాలిలో ఉప్పు తెలిసింది.

కళింగపట్నం తీరం విశాఖ తీరంలా హడావుడి పడదు. 1876 నాటి లైట్‌హౌసు, ఇసుకలోకి లాగిన పడవలు, వలలు బాగుచేసుకుంటున్న నలుగురైదుగురు ముసలివాళ్లు. వయసులో ఉన్న మగాళ్లు పెద్దగా కనబడరు. ఈ జిల్లా గంగపుత్రుల్లో చాలామంది ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వేరావల్ బోట్లలోనే ఉంటారు. అందుకని తీరపు ఊళ్లలో ఇంటి పెత్తనమూ వైద్యమూ కూడా ముసలమ్మల చేతిలోనే. కొంచెం ఉత్తరంగా నడిస్తే వంశధార మొగ. ఒడిశాలోని కలహండి ప్రాంతపు కొండల్లో పుట్టి రెండొందల యాభై కిలోమీటర్ల పైచిలుకు నడిచివచ్చిన నది, మాఘంలో ఇక్కడ మోకాలి లోతు పాయలుగా చీలి, అలల తాకిడికి వెనక్కి తగ్గుతూ, మళ్లీ ముందుకు వస్తూ ఉంటుంది.

ఆటో నడిపిన కుర్రాడు మధ్యాహ్నం భోజనానికి వాళ్ల పిన్ని ఇంటికి తీసుకెళ్లాడు. కవళ్ల పులుసు, వేడన్నం. తింటుంటే లోపలి గదిలోంచి పసిబిడ్డ ఏడుపు, దానితోపాటే వాము, వెల్లుల్లి కలిసిన ఘాటు వాసన. ఆ ఇంట్లో బాలింత ఉంది. నాయనమ్మ వసారాలో కూర్చుని పాలసొర ముక్కలు కడుగుతోంది. ఈ తీరంలో బిడ్డ పుట్టిన ఇంటికి ముందు వెతికేది ఆ చేపనే. పాలు పడతాయని నమ్మకం. ఉడికించి, ముల్లు తీసి, పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి దంచి వేసి వేపుతుంది. పొద్దున కాయం ఉండ, మధ్యాహ్నం సొర, రాత్రికి మిరియాల చారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ. నలభై రోజులు బరువెత్తకూడదు, చన్నీళ్లు ముట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, దాహమన్నప్పుడల్లా నీళ్లివ్వకూడదు.

నేను చెయ్యి కడుక్కుంటుండగా నర్సు వచ్చింది. భుజాన సంచి, చేతిలో త్రాసు. బిడ్డను గుడ్డలో వేసి తూచి, తల్లీబిడ్డల కార్డులో రాసుకుని, రక్తం మాత్రలు లెక్కపెట్టింది. ఆ తర్వాత బాలింత పెదాలు చూసి, వసారాలోకి వచ్చి నిలబడింది.

“మామ్మా, నీళ్లు పట్టడంలేదా మళ్లీ?”

“పచ్చి ఒంటికి నీల్లేటి నర్సమ్మా? ఉబ్బరం సేస్తాది. పిల్లకి జలుబు పట్టుకుంటాది. నాకు ఆరుగురు పుట్టినారు, నాకు తెల్దా?”

“సొర పెట్టు, వద్దన్నానా? వెల్లుల్లి పెట్టు, మంచిదే. నీళ్లు లేకపోతే పాలెక్కణ్నుంచి వస్తాయి? ఒంటికి మంటొస్తే నువ్వు పట్టుకుపోతావా ఆసుపత్రికి?”

పేచీ కాసేపు నడిచింది. ఇద్దరిలో ఎవరూ గొంతు పెంచలేదు. చివరికి ముసలామె లేచి పొయ్యి మీద గిన్నె పెట్టి, నీళ్లలో గుప్పెడు వాము వేసి మరిగించింది. అవి గోరువెచ్చగా అయ్యాక పెద్ద లోటా నిండా పోసి లోపలికి పంపింది. వాము నీళ్లు కదా, అవి నీళ్లలో లెక్కకాదు. నర్సు కళ్లతోనే నవ్వి, రోజుకు ఎన్ని లోటాలో వేళ్ల మీద చూపించి, చెప్పులేసుకుంది. వెళ్తూ వెళ్తూ నాతో చెప్పిన మాట ఇది: “మొదట్లో ముర్రుపాలు పిండి పారబోసేవాళ్లు సార్. ఇప్పుడు ఈ వీధిలో ఎవరూ పారబొయ్యరు. ఈ మామ్మే వెళ్లి మిగతావాళ్లను తిడతాది.”

సాయంత్రం మొగ దగ్గర కూర్చుని ఆ వసారా గురించే ఆలోచించాను. పాత మాటంతా మంచిదనేవాళ్లూ, అంతా మూఢనమ్మకమనేవాళ్లూ మన పత్రికల్లో, మన ఫోన్లలో నిండా ఉన్నారు. ఆ వసారాలో ఆ రెండు మాటలకూ చోటు లేదు. సొర చేపలో మాంసకృత్తులున్నాయి, నర్సుకు అభ్యంతరం లేదు. నలభై రోజుల విశ్రాంతిని ఏ డాక్టరూ కాదనడు. నీళ్లివ్వకపోవడం మాత్రం ప్రమాదం, ముర్రుపాలు పారబొయ్యడం అంతకంటే పెద్ద నష్టం. ఒకే ముసలామె నోట ఒకే నమ్మకంతో వచ్చే నాలుగు మాటల్లో రెండు నిలిచాయి, ఒకటి మారింది, ఒకటి వేషం మార్చుకుంది. ఏది నిలవాలో ఏది పోవాలో తేలింది పుస్తకంలో కాదు, బిడ్డ బరువు రాసుకునే కార్డు దగ్గర. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పథ్యంలో వంటింటి దినుసులు ఒక వంతైతే, మూడు వంతులు మనుషులు. వండేది ఒకరు, బిడ్డకు నీళ్లు పోసేది ఒకరు, తల్లి నిద్రపోతుంటే ఊయల ఊపేది ఒకరు. మందుల దుకాణంలో దొరికే బాలింత లేహ్యం డబ్బాలో ఈ మూడు వంతులూ ఉండవు.

మర్నాడు శాలిహుండం ఎక్కాను. కళింగపట్నానికి పడమరగా, వంశధార ఒడ్డునే ఉన్న చిన్న కొండ. పైదాకా ఇటుక స్తూపాలు, చైత్యాలు, మెట్ల దారి. కింద మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలు. పైనుంచి చూస్తే నది వెండితీగలా మెలికలు తిరుగుతూ సముద్రం వైపు సాగుతుంది. రేవులో దిగిన వర్తకులూ, కొండ మీది భిక్షువులూ ఈ దారినే నడిచి ఉంటారు. ఈ శిథిలాలను 1919లో లోకానికి చూపించింది గిడుగు రామమూర్తి. 1863లో ఈ వంశధార తీరపు పర్వతాలపేటలోనే పుట్టిన ఆయన, వ్యావహారిక భాషకోసం పోరాడడానికి ముందే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల్ని ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో వచ్చింది, నిఘంటువు 1938లో. చదువుకున్న మైదానపు మనిషి కొండవాళ్ల దగ్గర విద్యార్థిగా కూర్చున్న సందర్భాలు మన చరిత్రలో అరుదు. నేను పైకి వెళ్లబోయేదీ ఆ కొండలకే గనక, ఆయన్ను తలుచుకోకుండా అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు.

ఆ కొండ మీదే, ‘ఈ పూర్వీకులెవరు’ అన్న నా సందేహం కొంత తీరింది. రేవు ఉన్న చోట ఏదీ మడి కట్టుకుని ఉండలేదు. మిరపకాయ ఈ దేశానిది కాదు. జీడిమామిడి కాదు, జామ కాదు, బొప్పాయి కాదు. అన్నీ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల కాలంలో దిగినవే. ఇవాళ ఈ జిల్లాలో విరోచనాలైతే లేత జామాకు నమలమంటారు, డెంగీ అంటే బొప్పాయాకు రసం తాగమంటారు. రెండోది ఈమధ్య పుట్టిన వైద్యం, మొదటిది మహా అయితే నాలుగొందల ఏళ్లనాటిది. అయినా రెండూ ‘తాతలనాటి వైద్యం’ అనే పేరు మీదే చలామణి అవుతున్నాయి. నాకిందులో తప్పేమీ కనబడలేదు. కొత్త ఆకు వచ్చినప్పుడు మన ముసలమ్మలు దాన్ని వాసన చూశారు, నమిలారు, పనికొస్తే ఉంచుకున్నారు. సంప్రదాయం అంటే ఆ పరీక్ష. మనం పరీక్ష మానేసి, తేలిన జవాబుల్ని మాత్రం ఫ్రేము కట్టుకుంటున్నాం.

నదికి ఎదురుగా వెళ్తే హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ. అక్కడికి మైదానం అయిపోతుంది. సీతంపేట దారిలో జీడితోటలు, వాటి పైన కొండవాలు మీద పోడు మచ్చలు, రోడ్డు పక్కన ఎండబెట్టిన కొండచీపుళ్లు. ఇప్పుడిది పార్వతీపురం మన్యం జిల్లా. 2022 ఏప్రిల్‌కు ముందు శ్రీకాకుళమే. నేను చేరిన రోజు సంత. కందులు, చింతపండు, పసుపు, అడ్డాకులు, తేనె తెచ్చిన సవర, జాతాపు ఆడవాళ్లు గోనెల మీద కూర్చున్నారు. కొత్త కందులు పండగ చేసుకుని దేవతకు పెట్టందే నోట పెట్టకూడదన్నది వాళ్ల కట్టుబాటు, మామిడికీ అంతే. కాయ ముదరకముందే కోసుకోకుండా అడవికి గడువిచ్చే పద్ధతి అది. వాళ్లు పంచాంగం అన్నా, మనం పర్యావరణం అన్నా ఫలితం ఒక్కటే.

ఒకామె దగ్గర చోళ్లు, సామలు, కొర్రలు మూడు మూటలున్నాయి. మా ఊళ్లో ‘మిల్లెట్స్’ పేరుతో అద్దాల సీసాల్లో అమ్మేవే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించినప్పటి నుంచి మా వీధిలో వాటికి ఎక్కడలేని గౌరవం. ఆమె మూటలు అమ్ముడుపోయాక ఆ డబ్బుతో ఏం కొంటుందో చూస్తూ నిలబడ్డాను. ఉప్పు, నూనె, ఎండుచేపలు, పిల్లాడికి రంగు కాగితంలో నూడుల్సు. ఇంట్లో కోటా బియ్యం ఉన్నాయట. చోడి అంబలి తాగరా అంటే నవ్వింది. “ముసిలోల్లు తాగుతారు. పిల్లలు సూస్తే నవ్వుతారు బాబూ.” నగరం అంబలి పట్టుకుని కొండెక్కుతోంది, కొండ నూడుల్సు పట్టుకుని దిగుతోంది. ఇద్దరికీ మధ్య దళారి లాభంలో ఉన్నాడు.

ఆమె పక్కన ఒక ముసలాయన కుప్పలో గుండ్రటి లేతరంగు గింజలున్నాయి, బొత్తాలంత. చిల్లగింజలు. నేను తెలియనట్టు అడిగేసరికి ఆయన చేసి చూపించాడు. పక్క హోటలు నుంచి మట్టిమూకుడు తెప్పించి, లోపలి గరుకు అంచుకు గింజను నీళ్లతో గుండ్రంగా రాశాడు. పాలలాంటి గంధం దిగింది. దాన్ని బిందెలోని బురదనీళ్లలో కడిగి, చేత్తో రెండుసార్లు కలిపి, వదిలేశాడు. ఆయన ఒక చుట్ట కాల్చి పడేసేలోగా బురద మబ్బులు మబ్బులుగా గుమికూడి అడుక్కి జారింది. పైన నీళ్లు తేటగా నిలిచాయి. సుశ్రుతుడు కతకం అని చెప్పిన గింజ ఇదే. ఇందులోని జిగురు పదార్థం నీటిలో తేలే మట్టిరేణువుల్ని ఒకదానికొకటి అతికించి బరువెక్కిస్తుందని ఇవాళ్టి రసాయనశాస్త్రం చెబుతుంది. నీటి శుద్ధి కేంద్రాల్లో పటిక చేసే పనీ అదే.

“ఈ నీళ్లు తాగొచ్చా?” అన్నాను.

“కాసి తాగాల,” అన్నాడాయన, ఇంతమాత్రం తెలియదా అన్నట్టు చూసి. “గింజ మట్టిని దించుతాది. రోగాన్ని దించుతాదా?”

ఆ గింజ పనికి ఎల్లలు ఆయనకు తెలుసు. మట్టి వరకే దాని పని. క్రిములకు నిప్పు కావాలి. నీటిలో కరిగిన లవణాలకు ఆ రెండూ చాలవు. ఇంటర్నెట్టులో చిల్లగింజను వెతికితే సర్వరోగ నివారిణి అని కనబడుతుంది. అంత పెద్ద మాట ఆ సంతలో ఎవరి నోటా వినలేదు.

ఆయనకు వరసకు తమ్ముడయ్యే ఒకాయన ఊళ్లో ఎజ్జోడు. పూజలు చేస్తాడు, గింజలు వేసి జబ్బుకు కారణం చెబుతాడు. సాయంత్రం వాళ్లింటి అరుగు మీద కూర్చుంటే ఎర్రమట్టి గోడ మీద బియ్యపు పిండితో వేసిన సవర బొమ్మలు పాతబడి వెలిసిపోతూ కనబడ్డాయి. చనిపోయినవాళ్ల కోసం వేసే బొమ్మలవి. పక్కనే ఫోను ఛార్జింగు పెట్టి ఉంది. సరిహద్దుకు అవతల, ఒడిశా సవరల మధ్య 1970ల నుంచి ఉండి చూసిన పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త రాసినదాని ప్రకారం, వాళ్లలో జబ్బంటే పోయినవాళ్లు తిరిగొచ్చి పలకరించడం. పూజారిణి నోట ఆ మృతుడు మాట్లాడతాడు, బతికున్నవాళ్లు ఎదురు ప్రశ్నలేస్తారు, ఏడుస్తారు, పోట్లాడతారు, రాజీపడతారు. ఈ తరం పిల్లల్లో చాలామంది బాప్టిస్టులో హిందువులో అయిపోయి ఆ సంభాషణ ఆగిపోతోందని కూడా ఆయనే రాశాడు. మనవైపు దుఃఖానికి పదకొండు రోజులు గడువిచ్చి, పన్నెండో రోజు ఆఫీసుకు రమ్మంటాం. నిద్రపట్టకపోతే మాత్ర ఇస్తాం. మాత్ర అవసరమయ్యేవాళ్లూ ఉంటారు. పోయినవాళ్లతో మాట్లాడాల్సిన మాట మిగిలిపోయినవాళ్లకు మాత్రం ఆ మాత్ర ఏం చెయ్యగలదు?

పాము కరిస్తే ఏం చేస్తారని ఎజ్జోణ్ని అడిగాను. తడుముకోకుండా చెప్పాడు. “పామైతే సీతంపేట ఆసుపత్రికే. ఆలీసం సేస్తే పేణం ఎలిపోద్ది. భయం పట్టుకుంటే నా కాడికి తెస్తారు.” పాము విషానికి ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు వెనక కూడా అడవి విద్య ఉందని ఆయనకు చెప్పాను. తమిళనాడులో ఇరుల తెగవాళ్లు 1978లో సహకార సంఘం పెట్టుకుని, పాముల్ని పట్టి, విషం పిండి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. దేశంలో విరుగుడు తయారుచేసే కంపెనీలు చాలాకాలంగా కొనేది ఆ విషాన్నే. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది ఒక్కటే: “ఆల్లకి డబ్బు బాగా ఇస్తారా?”

గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఈ కొండల్లో ఉసిరి, కరక్కాయ, తేనె, నల్లజీడి కొంటోంది. ఆ కరక్కాయ, ఆ ఉసిరే తిరిగి త్రిఫల డబ్బాలో మా మందుల దుకాణానికి వస్తాయి. కాయ ధర ఒకటి, దాన్ని గురించిన తెలివికి ధర ఒకటి. రెండోదాని లెక్క ఇంకా ఎవరూ తేల్చలేదు. ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోవడానికి కారణం కూడా అదే.

కొండ దిగి తూర్పుకు తిరిగితే పలాస, ఆపైన ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస కలిసి నీడలు పరిచే నేల. ఆవపెట్టిన పనసకాయ కూర రుచి ఇక్కడి పెళ్లిభోజనాల్లోనే తెలియాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నేలకూల్చిన కొబ్బరిచెట్ల మోడులు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి, వాటి మధ్య కొత్త మొక్కలు నడుము ఎత్తు దాటాయి. ఇంత పచ్చని చోట కిడ్నీలు పాడైపోయే జబ్బు మూడు దశాబ్దాలుగా ఇంటింటినీ తడుతోంది. షుగరూ బీపీ లేనివాళ్లకు, కష్టం చేసుకునేవాళ్లకు వస్తోంది. నీటిలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఏ ఒక్కటీ తుది కారణంగా తేలలేదు. హిరమండలం నుంచి వంశధార నీటినే శుద్ధిచేసి గొట్టాల్లో ఈ ఊళ్లకు పంపే పథకం వచ్చింది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండొందల పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. డయాలసిస్ కోసం విశాఖకు పడే పాట్లు కొంత తగ్గాయి.

పాతదాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లు ఉద్దానం వచ్చి ఒక సంగతి తెలుసుకోవాలి. 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్లు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్ల కిడ్నీలు వరసగా చెడిపోయాయి. కారణం అరిస్టలోకియా జాతి మొక్కలోని ఒక ఆమ్లం. ఆ జాతిలోవే మన గాడిదగడపాకు, మన ఈశ్వరి. రెండూ మన నాటువైద్యంలో ఉన్నవే. ఉద్దానం జబ్బుకు అదే కారణమని నేననడం లేదు. ఆకు పసరు గనక హాని చెయ్యదు అన్న మాట మాత్రం కిడ్నీ ముందు చెల్లదు. జబ్బు మొదలైనవాళ్లు ఆశ చావక మూలికలవాళ్ల వెంట పడినప్పుడు డాక్టర్లు భయపడేది ఇందుకే.

కొత్తదాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లకూ ఇక్కడ ఒక సంగతి ఉంది. నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో కూలీలకు అచ్చం ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడి పరిశోధకులు ఏళ్ల తరబడి రక్తం, మూత్రం, నీరు పరీక్షించి, తోటల్లో మొదట అమలుచేసి చూసిన చికిత్స మూడు మాటలు: నీళ్లు, విశ్రాంతి, నీడ. గంటగంటకూ తాగే నీళ్లు, ఎండ ముదిరినప్పుడు పని ఆపడం, కూర్చోవడానికి పందిరి. మన పాలేళ్లు తెల్లారకముందే పొలానికెళ్లి, తరవాణి ముంత చెట్టు కింద పెట్టుకుని, ఎండెక్కగానే గట్టెక్కిన పద్ధతికి దీనికి దగ్గరి చుట్టరికం ఉంది. తరవాణి కిడ్నీని కాపాడుతుందని ఎవరూ రుజువు చెయ్యలేదు. గట్టెక్కడం మాత్రం ఇప్పుడు పరిశోధనలో నెగ్గింది.

పలాసలో ఒక జీడిపిక్కల కార్ఖానాలో పనిచేసే నడివయసామె ఇంటి ముందు కాసేపు కూర్చున్నాను. అరచేతుల నిండా జీడి నూనె కాల్చిన నల్లమచ్చలు. పొద్దుటి నుంచి పీట మీద కూర్చుని కోతపెట్టడమే పని, కూలి పిక్కల తూకాన్ని బట్టి. నడుంనొప్పికి మాత్ర వేసుకుంటుంది. కొంగు ముడిలో నాలుగు బిళ్లలు ఎప్పుడూ ఉంటాయి. అవి కిడ్నీకి మంచివి కావని ఆసుపత్రివాళ్లు చెప్పారు, ఆమెకు తెలుసు. వాళ్లమ్మ ఉన్నప్పుడు ఆవనూనె కాచి రాసి, ఇటుక వేడిచేసి కాపడం పెట్టి, రెండ్రోజులు మంచం దిగనిచ్చేది కాదు. అది మంచిదనీ ఆమెకు తెలుసు. రెండు చదువులూ వచ్చిన మనిషి.

“మరి మాత్రెందుకమ్మా?” అన్నాను.

“మాత్ర ఏసుకుంటే గంటలో పనికి కూకోగల్ను బాబూ. కాపడమైతే రెండ్రోజులు పడుకోవాల. పత్యం సెప్పడానికి ఊరంతా ఉంది, రెండ్రోజులు కూలి ఇచ్చినోడే నేడు.”

ఆ మాటకు ముందు దాకా నా యాత్ర నాకు పాతకూ కొత్తకూ మధ్య పంచాయితీలా కనబడింది. ఆ పంచాయితీని ఇక్కడి జనం ఎప్పుడో తెంపేసుకున్నారు. అరసవల్లి పెద్దాయన నాలుగు వేళ్లతో, కళింగపట్నం మామ్మ గుప్పెడు వాముతో, ఎజ్జోడు ఒక్క మాటతో. ఎవరి దగ్గరికి ఏ జబ్బు తీసుకెళ్లాలో వాళ్లకు స్పష్టంగా తెలుసు. వాళ్ల దగ్గర లేనిది తీరిక. పాత వైద్యంలో ఆకూ వేరూ కంటే ఖరీదైన దినుసు అదే. బాలింతకు నలభై రోజులు దొరికాయంటే ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు ఆమె పని మోశారు. పాలేరు ఎండలో గట్టెక్కాడంటే ఆ పూట మేస్త్రి గంట చూడలేదు. ఆధునిక జీవితం అంబలినీ త్రిఫలనూ లేహ్యాన్నీ డబ్బాల్లో నింపి అమ్మగలిగింది. తీరికను నింపలేకపోయింది. అందుకే తీరిక ఉన్న మా వీధి వాకర్లు కొండవాళ్ల తిండి తింటున్నారు, తీరిక లేని పలాస కూలి కంపెనీ మాత్ర మింగుతోంది.

పథ్యం పాటించడాన్ని మనం రోగి క్రమశిక్షణగా లెక్కవేస్తాం. ఉత్తరాంధ్ర చూశాక అది చుట్టూ ఉన్నవాళ్ల బాధ్యత అనిపిస్తోంది. మేనెలలో కూలి వేళల్ని నిర్ణయించే రైతూ, కార్ఖానా యజమానీ, ఇళ్లల్లో పనిమనుషుల్ని పెట్టుకునే మనబోటివాళ్లూ మిట్టమధ్యాహ్నం పని ఆపి, ఆ గంటలకూ కూలి ఇస్తే, అదే పూర్వీకుల మాట నిలబెట్టినట్టు, కొత్త పరిశోధన పాటించినట్టు కూడా. దానికి ఏ మూలికా అక్కర్లేదు, ఏ ఫ్లెక్సీ అక్కర్లేదు. జీతం కోసుకోని సెలవు ఉంటే చాలు.